బుల్లి ట్యాంకుకు బురద పూసే విద్య

పెట్టెలోని ముక్కలు అతికించి ఒకే రంగు వేసిన టైగర్ ట్యాంకు ఎంత శ్రద్ధగా చేసినా బొమ్మే. దాన్ని యుద్ధం చూసిన బండిగా మార్చే పనిని మోడలర్లు వెదరింగ్ అంటారు. మరకలు వేయడం ఎవరైనా నేర్చుకుంటారు. ఏ మరక ఎందుకు పడిందో తెలిసి వేసేవాళ్లు తక్కువ.

ముందు కొలత సంగతి. జపాన్ కంపెనీ టమియా 1961లో మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు కిట్ తెచ్చింది. లోపల బ్యాటరీలు పట్టేలా చేయబోతే 1:35 స్కేలు తేలింది. అలా కుదిరిన కొలతే తర్వాత ఈ రంగంలో అందరికీ అలవాటైంది. ఈ లెక్కన మోడల్ మీద ఒక మిల్లీమీటరు రంగు పెచ్చు ఊడితే అసలు బండి మీద మూడున్నర సెంటీమీటర్లు ఊడినట్టు. అందుకే చేయి తిరిగినవాళ్లు స్పాంజి ముక్కను రంగులో ముంచి, చాలావరకు కాగితం మీద తుడిచేశాకే బండికి అద్దుతారు.

బాగా పలుచన చేసిన ముదురు ఆయిల్ రంగును రివెట్ల చుట్టూ, సందుల్లోకి పారించడం వాష్. దాదాపు ఆరిన కుంచెతో అంచులను తడమడం డ్రైబ్రష్. బెల్జియం మోడలర్ ఫ్రాంస్వా వెర్లిండెన్ వీటికి బాగా ప్రచారం తెచ్చారు. అన్నిటికన్నా చమత్కారమైనది మాత్రం హెయిర్ స్ప్రే పద్ధతి. రెండో ప్రపంచ యుద్ధపు తూర్పు రంగంలో జర్మన్, సోవియట్ సేనలు చలికాలంలో ట్యాంకులకు తెల్లసున్నం పూసేవి. సైనికులు ఎక్కి దిగే చోట అది త్వరగా అరిగిపోయేది. మోడల్‌లో ఆ అరుగుదల రావాలంటే అడుగు రంగు బాగా ఆరాక హెయిర్ స్ప్రే కొట్టి, పైన నీళ్లతో కలిసే తెల్ల రంగు వేయాలి. తడి కుంచెతో రుద్దితే కింది స్ప్రే కరిగి, పై పొర సహజంగా లేచిపోతుంది. కరగాల్సింది మధ్య పొర ఒక్కటే. అడుగు రంగు కూడా నీళ్లకు లేచే రకమైతే పనంతా పాడు.

తుప్పు విషయంలో మాత్రం చాలామంది అతి చేస్తారు. యుద్ధంలో ఎన్నో ట్యాంకులు తుప్పు పట్టేంత కాలం బతకలేదు. పొగగొట్టం తుప్పు పడుతుంది, నిజమే. నేలకు రాసుకునే గొలుసు పట్టీలు మాత్రం మెరుస్తాయి. బురదకూ ఊరు ఉంటుంది. మన ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారైన బీఎంపీ-2 సాయుధ వాహనం రాజస్థాన్ ఎడారిలో తిరిగిందని చూపదలిస్తే ఉక్రెయిన్ నల్లమట్టి పనికిరాదు. లేత ఇసుక రంగు పిగ్మెంట్ పొడి కావాలి.

ఇక కెమెరా. నిలబడ్డ మనిషి కళ్లు సుమారు 160 సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయనుకుంటే, 1:35లో అది నాలుగున్నర సెంటీమీటర్లు. లెన్స్ అంతకన్నా పైకి పోయిందంటే మిద్దె మీంచి చూస్తున్నట్టే. ఫోన్‌ను తలకిందులు చేస్తే లెన్స్ బల్లకు దగ్గరవుతుంది. దగ్గర్నుంచి తీస్తే ఫిరంగి గొట్టం స్పష్టంగా వచ్చి ఇంజిన్ వెనకభాగం మసకబారుతుంది. ఆ మసకే బొమ్మ అని పట్టిచ్చేది. ఫోన్ కాక కెమెరా అయితే ఎఫ్/16 దాకా ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) తగ్గించడం ఒక దారి. ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ ఎన్నో ఫొటోలు తీసి కలపడం ఇంకో దారి. దీపాలు నాలుగు వైపులా పెట్టి నీడలు చంపేయడం నాకు నచ్చదు. ఆకాశంలో సూర్యుడు ఒక్కడే కదా. కంటికి కనిపించని వెంట్రుక ఫొటోలో ఇనుప తీగంత లావుగా కనిపిస్తుంది కాబట్టి మెత్తని కుంచెతో ముందే దులుపుకోవాలి.

చివరికి ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి, అదే రకం ట్యాంకు యుద్ధకాలపు ఫొటో పక్కన పెట్టి చూడాలి. రంగుల హంగు పోయాక మిగిలేవి వెలుగు, ధూళి, అరుగుదలే. అతిగా వేసిన గీతలు అక్కడ వెంటనే దొరికిపోతాయి.