గేటు ముందు వాలు

జూబ్లీహిల్స్ గుట్టల మీద కురిసిన వాన యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ వైపు దిగుతుంది. హైదరాబాదును ముంచెత్తిన 2020 అక్టోబరు వానలను ఇక్కడివాళ్లకు గుర్తుచేయక్కర్లేదు. గేటు లోపలి జాగా బాగు చేసుకోవాలంటే ఈ వీధుల్లో ముందు నీళ్ల లెక్క తేలాలి. ఆ లెక్క తెలిసి చేసిన పని ఒకటి మా వీధిలో ఉంది. చేసింది సినిమా సెట్లు వేసే వడ్రంగి ఒకాయన, ఇంటిల్లిపాదీ కలిసి. మేస్త్రిని పిలవలేదు.

జాగా కారు పట్టేంతే. పగిలిన పాత సిమెంటు నేలను తవ్వి తీసి పేవర్ బ్లాకులు పరిచారు. వచ్చినవాళ్లంతా రంగు బాగుందంటారు. నాకు నచ్చింది ఆ రంగు కిందున్నది. కంకరను ఒక్కసారే గుమ్మరించకుండా పొరలు పొరలుగా వేసి, తడిపి, దిమ్మిస కొట్టారు. ఆ చాకిరీ బావమరదులది. పైన అంగుళం పైచిలుకు ఇసుక. రెండు ఇనుప పైపులు పట్టాల్లా పడుకోబెట్టి, వాటి మీద చిత్రిక పట్టిన చెక్కను లాగితే ఇసుక అద్దంలా సాపు అయింది. ఇక దాని మీద ఎవరూ కాలు పెట్టలేదు. పరిచిన బ్లాకుల మీదే కూర్చుని ముందుకు జరుగుతూ మిగతావి పేర్చారు. కూతురు అందించింది, ఆయన రబ్బరు సుత్తితో తట్టాడు.

వాలు చూపించింది మాత్రం వడ్రంగి వాళ్లమ్మ. రోజూ వాకిలి చల్లే మనిషి కదా, నీళ్లు ఎక్కడ నిలుస్తాయో ఆమెకు తెలుసు. ఆమె చెప్పిన వైపుకే, యాభై అడుగులకు ఒక అడుగు లెక్కన, నీళ్ల పైపుతో లెవెల్ చూసి దారం కట్టారు. వాలు ఇంకుడు గుంతకు పోతుంది. 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చాక గుంతలు చాలా ఇళ్లలో తవ్వారు గానీ, నీళ్లు వాటి దాకా నడిచే ఇళ్లు నాకు అరుదుగానే కనిపించాయి.

బ్లాకులు 60 మి.మీ. మందం. ఇంటి కారుకు చాలు. ఒకటి అడ్డం, ఒకటి నిలువుగా పేర్చడంతో చక్రం ఎటు తోసినా పక్క బ్లాకు ఆపుతుంది. చుట్టూ కాంక్రీటు అంచు లేకపోతే ఆ కట్టు ఎన్నాళ్లో నిలవదు. గోడ వారన చూడండి. అక్కడ రెండువేళ్ల సందు మిగిలింది. అంత సన్నని ముక్క పెడితే చక్రం కింద విరిగిపోతుంది. అందుకని పక్క బ్లాకును కూడా కోసి, రెండింటినీ ఓ మోస్తరు ముక్కలుగా సర్దాడు. సెట్లోనైతే పీఓపీ పూసి రంగు కొట్టేవాడినని నవ్వాడు. షూటింగ్ అయ్యాక విప్పేసే పనిలో పండిన చెయ్యి ఇంత నిలకడగా పనిచేయడం చూసి నాకు ముచ్చటేసింది.

సందుల్లోకి సన్న ఇసుక చీపురుతో ఊడ్చింది పిల్లలు. దిగినకొద్దీ మళ్లీ మళ్లీ ఊడ్చారు. ర్యాంపును అందరిలా రోడ్డు మీదికి లాగలేదు, గేటు గీత దగ్గరే ఆపారు.

డ్రైనేజీ చాంబర్ దగ్గర మాత్రం ఓపిక అయిపోయినట్టుంది. మూత చుట్టూ ముక్కలు కోయకుండా సిమెంటు పూసేశారు, అప్పుడే చిన్న బీట పడింది. ఎండాకాలంలో అది పీకి మళ్లీ చేద్దామంటున్నాడు. బావమరదులకు ఇంకా చెప్పలేదట.