వెండితెర కార్లు – వాటి శక్తి లెక్కలు

చలనచిత్రాలలోను, కథలలోను కనిపించే కార్లు కొన్ని నటీనటులతో సమానమైన కీర్తిని సంపాదించుకొన్నవి. కాలంలో ముందుకు, వెనుకకు ప్రయాణం చేసే కారు ఒకటి. నీటిలో మునిగి జలాంతర్గామిగా మారే కారు ఇంకొకటి. యజమానితో మాటలాడుతూ తనంతట తానే నడిచే కారు మరొకటి. ఇటువంటి వాటిని గురించి విద్యార్థులు తరగతిలో ప్రశ్నలు వేయుట సహజం. వారికి సామాన్యంగా రెండు విధాల సమాధానాలు లభించును. అదంతా కట్టుకథ, విజ్ఞానశాస్త్రానికి దానితో పని లేదు అన్నది మొదటిది. నేటి కల్పన రేపటి యథార్థం, సినిమావారు భవిష్యత్తును ముందుగానే చూచినారు అన్నది రెండవది. ఈ రెండు సమాధానాలూ ఆలోచనకు చోటివ్వవు. మొదటిది ప్రశ్నను తుంచివేయును. రెండవది ప్రశ్నించవలసిన అవసరమే లేదనిపించును.

కల్పనను కల్పనగానే అంగీకరించి పరీక్షించుటకు వేరొక కొలబద్ద కలదు. కల్పిత యంత్రం అసాధ్యమైన పని ఒకటి చేయవచ్చును. అది కథకుని హక్కు. కాని ఆ పనికి అయిన ఖర్చు ఎంత, అది ఎక్కడినుండి వచ్చినది అన్న ప్రశ్నలకు కథ జవాబు చెప్పుచున్నదా, లేక లెక్కను తెర వెనుక దాచుచున్నదా? ఈ విధంగా చూచినప్పుడు ప్రసిద్ధికెక్కిన కార్ల మధ్య గల తారతమ్యం స్పష్టంగా తెలియును.

కాలయానం చేసే కారు

1985లో అమెరికాలో విడుదలైన 'బ్యాక్ టు ది ఫ్యూచర్' చిత్రానికి దర్శకుడు రాబర్ట్ జెమెకిస్. కథను ఆయన, బాబ్ గేల్ కలిసి వ్రాసినారు. తొలి ప్రతులలో కాలయంత్రం కారు కాదు, రిఫ్రిజిరేటరు. చిత్రం చూచిన పిల్లలు రిఫ్రిజిరేటర్లలో దూరి తలుపు వేసుకొందురేమో అన్న భయం ఆ ఊహను విడిచిపెట్టుటకు ఒక కారణం. దాని స్థానంలో డెలోరియన్ కారు వచ్చినది. ఇది ఉత్తర ఐర్లాండులో 1981–82 ప్రాంతంలో సుమారు తొమ్మిది వేలు మాత్రమే తయారైన నిజమైన కారు. పై రేకులు స్టెయిన్‌లెస్ స్టీలువి. తలుపులు రెక్కలవలె పైకి తెరచుకొనును.

ఈ కారు కాలంలో ప్రయాణం చేయుటకు చిత్రం రెండు షరతులు పెట్టినది. కారు గంటకు 88 మైళ్ళ వేగాన్ని, అనగా సుమారు 142 కిలోమీటర్ల వేగాన్ని అందుకొనవలెను. ఆ క్షణంలో దానికి 1.21 గిగావాట్ల విద్యుత్తు అందవలెను. కాలయానం ఎట్లు సాధ్యమన్నది చిత్రం వివరింపదు. శాస్త్రజ్ఞుడు స్టీలు రేకుల ప్రయోజనాన్ని చెప్పబోవుచుండగా చేతి గడియారం మ్రోగి ఆ మాట మధ్యలో తెగిపోవును. ఇది తెలివైన పని. వివరింపజాలని దానిని వివరించినట్లు నటించలేదు. ఖర్చును మాత్రం అంకెలతో సహా చెప్పినది. అంకెలు ఉన్నవి గనుక వాటిని పరీక్షించుటకు వీలు కలిగినది.

కారు ద్రవ్యరాశి సుమారు 1,250 కిలోగ్రాములు. గంటకు 88 మైళ్ళు అనగా సెకనుకు 39.3 మీటర్లు. ద్రవ్యరాశిని వేగ వర్గంతో గుణించి రెంటితో భాగించినచో గతిజశక్తి సుమారు 9 లక్షల 70 వేల జౌళ్ళు. ఇంటి మీటరులో ఒక యూనిట్టు అనగా 36 లక్షల జౌళ్ళు. అంత వేగంతో దూసుకుపోయే కారులోని గతిజశక్తి పావు యూనిట్టుకు కొద్దిగా మించును. ఒక 100 వాట్ల బల్బు సుమారు 2 గంటల 40 నిమిషాలు వెలుగుటకు అది చాలును.

ఇక రెండవ షరతు. 1.21 గిగావాట్లు అనగా 121 కోట్ల వాట్లు. విశాఖపట్నం సమీపంలోని సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. దానిలో ఐదింట మూడు వంతులు ఈ ఒక్క కారుకు కావలెనన్నమాట. ఈ అంకె విని ప్రేక్షకుడు నివ్వెరపోవును. కాని ఇక్కడ విద్యార్థి ఆగి ఆలోచింపవలెను. వాట్లు శక్తికి కొలత కావు. శక్తి ఎంత త్వరగా అందుచున్నదో తెలిపే సామర్థ్యానికి కొలత. ఎంతసేపు అందవలెనో చిత్రం చెప్పలేదు. ఒక సెకనుపాటు అందినచో అయ్యే ఖర్చు 336 యూనిట్లు. నెలకు 100 యూనిట్లు వాడుకొనే సంసారానికి మూడు నెలలపైన వచ్చే విద్యుత్తు. సెకనులో వెయ్యో వంతు మాత్రమే అందినచో ఖర్చు యూనిట్టులో మూడో వంతు. సామర్థ్యానికి, శక్తికి గల భేదాన్ని బోధించుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకుట కష్టం.

కథానాయకుడు 1955వ సంవత్సరంలో చిక్కుకొన్నప్పుడు ప్లుటోనియం దొరకదు. 1955 నవంబరు 12 రాత్రి 10 గంటల 4 నిమిషాలకు గడియార స్తంభంపై పడబోయే పిడుగునే ఇంధనంగా వాడుకొనవలసివచ్చును. ఈ కల్పన శాస్త్రానికి అంత దూరమైనది కాదు. పిడుగులో విద్యుత్ప్రవాహం పదుల వేల ఆంపియర్లు. విడుదలయ్యే శక్తి వంద కోట్ల జౌళ్ళ స్థాయిలోనిది, అనగా సుమారు 280 యూనిట్లు. అది సెకనులో అతి స్వల్పభాగంలో విడుదలగును గనుక సామర్థ్యం 1.21 గిగావాట్లను సులభంగా మించిపోవును. శక్తి తక్కువ, సామర్థ్యం మిక్కుటం. పిడుగు స్వభావమే అది. సరిగా ఆ క్షణానికే, ఆ వేగంతోనే కారు తీగను తాకవలెనన్న నియమం వల్లనే చివరి ఘట్టానికి ఉత్కంఠ వచ్చినది. ఖర్చు లెక్కే కథకు ప్రాణం పోసినది.

లోపం వేరొకచోట ఉన్నది. ప్లుటోనియంతో నడిచినప్పుడు కారులోనే కేంద్రక విచ్ఛిత్తి జరిగి విద్యుత్తు పుట్టవలెను. ఉష్ణంలో మూడో వంతు విద్యుత్తుగా మారునని అనుకొన్నచో, 121 కోట్ల జౌళ్ళ విద్యుత్తుతోపాటు 242 కోట్ల జౌళ్ళ ఉష్ణం మిగిలిపోవును. కిలోగ్రాము ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కుటకు సుమారు 500 జౌళ్ళు చాలును. ఆ ఉష్ణమంతా 1,250 కిలోగ్రాముల కారులోనే ఉండిపోయినచో ఉష్ణోగ్రత 3,800 డిగ్రీలకు పైగా పెరుగవలెను. ఇనుము 1,538 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరిగిపోవును. చిత్రంలోనో, తిరిగివచ్చిన కారు మంచు పట్టి చల్లగా ఉండును. ఖర్చును చెప్పిన చిత్రం వ్యర్థంగా పోయే ఉష్ణాన్ని మరచిపోయినది.

మొదటి చిత్రం చివరలో ఈ క్రమశిక్షణ సడలినది. వంటింటి మిక్సీ అంత ఉపకరణంలో అరటితొక్క మొదలైన చెత్త వేయగానే కేంద్రక సంలీనం జరిగి కావలసిన విద్యుత్తు వచ్చును. కారు ఆకాశంలోకి ఎగిరిపోవును. వాస్తవంలో 2022 డిసెంబరులో కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో లేజర్ కిరణాల ద్వారా 20.5 లక్షల జౌళ్ళ శక్తిని ఇంధనపు గుళికకు అందించి, సంలీనం ద్వారా 31.5 లక్షల జౌళ్ళు రాబట్టినారు. ఇది ఒక యూనిట్టుకు కూడ చాలదు. ఆ లేజర్లను నడుపుటకు సుమారు 30 కోట్ల జౌళ్ళ విద్యుత్తు ఖర్చయినది. 1989లో వచ్చిన రెండవ భాగం ఎగిరే కార్లతో నిండిన 2015వ సంవత్సరాన్ని చూపినది. ఆ సంవత్సరం వచ్చి వెళ్ళినది, కార్లు నేలమీదనే ఉన్నవి. 1990 నాటి మూడవ భాగంలో మాత్రం మరల లెక్క ప్రవేశించినది. 1885వ సంవత్సరంలో కారులోని పెట్రోలు కారిపోవును. చెత్తతో నడిచే ఉపకరణం కాలయానానికి పనికివచ్చును గాని చక్రాలను త్రిప్పదు. చివరకు ఆవిరి రైలింజను కారును 88 మైళ్ళ వేగానికి నెట్టవలసివచ్చును.

నీటిలో మునిగే కారు

1977 నాటి 'ది స్పై హూ లవ్డ్ మీ' చిత్రంలో జేమ్స్ బాండ్ నడిపే లోటస్ ఎస్‌ప్రీ కారు సముద్రంలోకి దూకి జలాంతర్గామిగా మారును. లోపల కూర్చున్న వారి బట్టలు తడియవు. ఇక్కడ ఆర్కిమెడీస్ సూత్రాన్ని తలచుకొనవలెను. కారు బరువు సుమారు ఒక టన్ను. నీరు చొరని భాగం 3 ఘనమీటర్లే అనుకొన్నను, అది తొలగించే నీటి బరువు 3 టన్నులు. అటువంటి కారు మునుగదు, బెండువలె తేలును. మునుగవలెనన్నచో కనీసం రెండు టన్నుల అదనపు బరువు కావలెను. అంత బరువుతో ఆ సన్నని కారు రోడ్డుమీద ఎట్లు పరుగెత్తినదో చిత్రం చెప్పదు.

చిత్రీకరణకు నీటి అడుగున నిజంగా నడిచిన నమూనాను తయారు చేసినారు. అందులోకి నీరు నిండుగా ప్రవేశించెడిది. నడిపేవారు శ్వాస పరికరాలు ధరించిన గజ ఈతగాండ్రు. తెరమీద మాయమైన లెక్కను తెర వెనుక ఇంజనీర్లు తీర్చవలసివచ్చినది. చిత్రం కంటె ఈ వివరమే విద్యార్థులకు ఎక్కువ ప్రయోజనకరం.

మాటలాడే కారు

1982 నుండి 1986 వరకు అమెరికా టెలివిజన్‌లో ప్రసారమైన 'నైట్ రైడర్' ధారావాహికలో 'కిట్' అనే నల్లని కారు యజమానితో సంభాషించును, పిలిచినప్పుడు వచ్చును, అడ్డంకుల మీదుగా దూకును. దాని మర్యాద, చతురత అందరిని ఆకర్షించినవి. యంత్రం మనిషికి మిత్రుడు కాగలదన్న భావాన్ని ఇంత హృద్యంగా చెప్పిన కథలు తక్కువ.

దూకుటను మొదట పరిశీలింపవచ్చును. 3 మీటర్ల ఎత్తునుండి పడిన కారు స్ప్రింగులు 20 సెంటీమీటర్లు అణగి ఆగినదనుకొన్నచో, ఎత్తును ఆ దూరంతో భాగించిన చాలును: సగటు అవత్వరణం గురుత్వ త్వరణానికి 15 రెట్లు. తెరమీది కారుకు గీతయైనను పడదు. చిత్రీకరణలో దూకిన కార్లు నేలను తాకినప్పుడు దెబ్బతినెడివి. ఒకదాని తరువాత మరొకటి వాడవలసివచ్చెడిది.

ఇంతకంటె ముఖ్యమైనది డ్రైవరు సంగతి. కారు తనంతట తాను నడిచినట్లు చూపవలసినప్పుడు సీటు తొడుగు చాటున మనిషి దాగి కూర్చుండి నడిపెడివాడు. చిత్రీకరణకు ఇది తప్పు కాదు. కాని ఈ ధారావాహిక స్వయంచాలక వాహనాలను ముందుగానే చూపినదని చెప్పేవారు, దాగిన ఆ మనిషి స్థానాన్ని యంత్రంతో నింపుటకు పట్టిన శ్రమను మరచుచున్నారు. 2004 మార్చిలో అమెరికా రక్షణశాఖ పరిశోధనా సంస్థ మొహావీ ఎడారిలో డ్రైవరులేని వాహనాలకు పోటీ నిర్వహించినది. సుమారు 230 కిలోమీటర్ల మార్గంలో అన్నిటికంటె ముందు నిలిచిన వాహనం 12 కిలోమీటర్లు దాటలేదు. మరుసటి సంవత్సరం సుమారు 212 కిలోమీటర్ల మార్గాన్ని ఐదు వాహనాలు పూర్తి చేసినవి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి 'స్టాన్లీ' గెలిచినది. ఆ ఎడారిలో మనుషులు గాని, పశువులు గాని, అడ్డదిడ్డంగా వచ్చే వాహనాలు గాని లేవు.

దాచిన లెక్క తరగతిలో మార్కులకు మాత్రమే సంబంధించినది కాదు. 2016 మేలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, డ్రైవరుకు సహాయపడే స్వయంచాలక వ్యవస్థపై నడుచుచున్న కారు రోడ్డుకు అడ్డంగా తిరిగిన లారీని ఢీకొని, అందులోని వ్యక్తి మరణించినాడు. లారీ దారి ఇవ్వకపోవుటతోపాటు, కారులోని వ్యక్తి యంత్రాన్ని అతిగా నమ్మి ఏమరియుండుట కూడ కారణమని రవాణా భద్రతా మండలి 2017లో తేల్చినది. ఇందుకు సినిమాలను నిందించుట న్యాయం కాదు. అయినను తప్పు చూడని, అలసిపోని యంత్రాన్ని మాత్రమే తెరమీద చూచిన మనసు, నిజమైన యంత్రానికి గల హద్దులను అడిగి తెలుసుకొనుట మరచును. సహాయం చేసే యంత్రం వేరు, బాధ్యత వహించే యంత్రం వేరు.

తెలుగు తెరమీది 'బుజ్జి'

2024 జూన్‌లో విడుదలైన 'కల్కి 2898 ఏ.డి.' చిత్రంలో నాగ్ అశ్విన్ కల్పించిన 'బుజ్జి' కూడ మాటలాడే వాహనమే. దానికి గొంతునిచ్చినది కీర్తి సురేష్. మాటకారితనంలో ఇది 'కిట్' వంశానికి చెందినది. కాని ఒక విషయంలో దీనిని మెచ్చుకొనవలెను. మహీంద్రా సంస్థ, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్ సంస్థల ఇంజనీర్ల సహకారంతో, విద్యుత్ మోటార్లతో నిజంగా నేలమీద నడిచే వాహనంగా దీనిని నిర్మించినారు. ముందు రెండు భారీ చక్రాలు, వెనుక గోళంవంటి చక్రం ఒకటి. బరువు సుమారు 6 టన్నులు. ఆ బరువు మూడింటిపై సమంగా పడినదనుకొన్నను చక్రానికి 2 టన్నులు. టన్ను బరువుగల చిన్న కారులో చక్రానికి 250 కిలోగ్రాములే. ఎనిమిది రెట్ల భారాన్ని మోసే చక్రాన్ని, ఇరుసును తయారు చేయుట ఊహాచిత్రం గీసినంత సులభం కాదు. అన్నపానాలకు కరవైన 2898 నాటి కాశీలో ఇంత బరువైన వాహనానికి రోజూ శక్తి ఎక్కడినుండి వచ్చును? దీనికి విద్యార్థులే ఒక అంచనా వేయవచ్చును.

పైని పరిశీలనవల్ల ఒక సంగతి తేటపడును. డెలోరియన్ చేసే పని వీటన్నిటిలో అత్యంత అసాధ్యమైనది. అయినను విద్యార్థికి ఎక్కువ నేర్పేది అదే. లోటస్ చేసే పని నిజంగా సాధ్యమైనదే. కాని తెరమీద దాని మూల్యాన్ని దాచినారు గనుక అది వింతగా మాత్రమే మిగిలినది. కథ సాధ్యాసాధ్యాలకంటె, ఖర్చును ఒప్పుకొనే నిజాయితీయే ముఖ్యమని దీనివల్ల గ్రహింపవచ్చును.

ఉపాధ్యాయులు ఇటువంటి చిత్రాలను తరగతి వెలుపలికి నెట్టివేయనవసరం లేదు. బరువు ఎంత, శక్తి ఎక్కడిది, మిగిలిన ఉష్ణం ఎక్కడికి పోయినది, నిజంగా నడిపినది ఎవరు అన్న నాలుగు ప్రశ్నలను నల్లబల్లపై వ్రాసి, విద్యార్థులకు నచ్చిన కారును వారినే ఎన్నుకొనమనవచ్చును. 1.21 గిగావాట్లు అన్న మాట వినగానే, "ఎన్ని సెకన్లపాటు?" అని అడిగిన విద్యార్థి సామర్థ్యాన్ని గురించిన పాఠం నేర్చుకొన్నట్లే.