ఏ పుస్తకం? ఎవరికి? ఏ సంవత్సరానిది?

"తప్పక చదవవలసిన సైన్సు పుస్తకాలు" అనే జాబితాలను మీరు గ్రంథాలయాల గోడల మీదా పత్రికల్లోనూ చూసే ఉంటారు. ఐన్‌స్టీన్ జీవితం, డార్విన్ సిద్ధాంతం, విశ్వరహస్యాలు, ఇంట్లో చేసుకునే వంద ప్రయోగాలు - పేర్లు కాస్త అటూ ఇటూగా ఉన్నా వరస మాత్రం ఇదే. పుస్తకం వస్తే సమీక్షిస్తాం, మంచిచెడ్డలు చెబుతాం. జాబితా వస్తే మాత్రం నోటుపుస్తకంలో ఎక్కించుకుని ఊరుకుంటాం. కానీ జాబితా కూడా ఒక రచనే. దాన్ని తయారుచేసేవారు ఎవరో ఒక పాఠకుణ్ణి మనసులో పెట్టుకునే పేర్లు ఎంచుతారు. ఆ పాఠకుడు పెద్ద నగరంలో ఉంటాడు, జాబితా రాసిన భాష అతనికి వస్తుంది, పక్క వీధిలోనే డాక్టరు ఉంటాడు. ఈ మూడూ లేని పాఠకుడి సంగతి ఏమిటి?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఒక ఊరిని గీటురాయిగా పెట్టుకుందాం. ఆ ఊరు గీదం.

గీదం ఎక్కడ ఉంది?

నిజామాబాదు నుంచి మంచిర్యాల, సిరోంచ, భోపాలపట్నం, బీజాపూరుల మీదుగా జగదల్‌పూర్ వైపు పోయే 63వ జాతీయ రహదారి మీద, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం దంతెవాడ జిల్లాలో ఉంది గీదం. దంతెవాడకు పోవాలంటే ఇక్కడే దారి మళ్లాలి. 2000 నవంబరు 1 వరకు ఇది మధ్యప్రదేశ్‌లోని ఊరు. చదువు హిందీలో సాగుతుంది. ఇళ్లలో గోండీ, సంతలో హల్బీ వినిపిస్తాయి. అదే రోడ్డు మీద దక్షిణంగా, గోదావరి వైపు వచ్చేకొద్దీ తెలుగు మాట పెరుగుతుంది. గోండీ మన తెలుగుకు చుట్టమైన ద్రావిడ భాష, హల్బీ ఆర్యభాషా కుటుంబానిది.

గీదం పక్కనే జావంగా వద్ద "ఎడ్యుకేషన్ సిటీ" అనే విద్యాసముదాయం ఉంది. కల్లోలంలో బడులు పోగొట్టుకున్న ప్రాంతాల పిల్లలను అక్కడి ఆశ్రమ పాఠశాలల్లో ఉంచి చదివిస్తున్నారు. తల్లిదండ్రులు లేని పిల్లలకు "ఆస్థా", వికలాంగులైన పిల్లలకు "సక్షమ్" అనే పాఠశాలలు కూడా అందులో భాగమే. చదివే పిల్లలు ఇంతమంది ఉన్నచోట వారి చేతికి ఏ సైన్సు పుస్తకం ఇవ్వాలన్నది చిన్న ప్రశ్న కాదు.

కొలబద్ద ఏది?

విమర్శకు ఒక కొలబద్ద కావాలి. దాన్ని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే ఇచ్చాడు. ఆయన గ్రంథాలయ శాస్త్రానికి చెప్పిన అయిదు సూత్రాల సారం ఇది: పుస్తకాలు వాడుకోవడానికే. ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం ఉండాలి. ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు దొరకాలి. పాఠకుడి కాలం వృథా కాకూడదు. గ్రంథాలయం పెరిగే జీవి.

అయిదో సూత్రాన్ని చాలామంది "పుస్తకాలు పెరుగుతూ పోవాలి" అని మాత్రమే అర్థం చేసుకుంటారు. కానీ జీవి పెరగడం అంటే కొత్తది తీసుకోవడం ఒక్కటే కాదు, పాతబడినదాన్ని విసర్జించడం కూడా. ఈ రెండో సగం సైన్సు బీరువాకు ఎంత అవసరమో ఒక పుస్తకంతో చూద్దాం.

గొప్ప పుస్తకం, పాత మందు

డేవిడ్ వెర్నర్ రాసిన "వైద్యుడు లేనిచోట" గురించి మీరు వినే ఉంటారు. మెక్సికో కొండ గ్రామాల కోసం 1970ల మొదట్లో స్పానిష్‌లో వచ్చిన ఈ పుస్తకం ప్రపంచంలో ఎన్నో భాషల్లోకి వెళ్లింది. తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. మన భాషలో సామాన్యుల కోసం వచ్చిన వైద్య గ్రంథాల్లో దీనికి సాటి వచ్చేవి తక్కువ. బొమ్మలు స్పష్టంగా ఉంటాయి. ఇంటి వైద్యాన్ని ఎగతాళి చేయదు, అలాగని నెత్తికెత్తుకోదు, ఏది మేలు చేస్తుందో ఏది కీడు చేస్తుందో విడదీసి చెబుతుంది. అక్కరలేని సూదిమందు ఎందుకు ప్రమాదమో నిర్మొహమాటంగా చెబుతుంది. చదివినవాడు మందుల పేర్లు నేర్చుకోవడంతో ఆగడు, ఆలోచించడం నేర్చుకుంటాడు. గీదం జాబితాలో మొదటి పేరు ఇదే కావాలని ఎవరికైనా అనిపిస్తుంది.

అయితే ఒక చిక్కు ఉంది. బస్తర్‌లో జ్వరం అనగానే మొదట అనుమానించవలసింది మలేరియాను. పాత ముద్రణల కాలంలో మలేరియాకు ముందుగా ఇచ్చే మందు క్లోరోక్విన్. ఆ మందుకు లొంగని ఫాల్సిపారమ్ పరాన్నజీవి మన దేశంలో 1973లోనే అస్సాంలో బయటపడింది. తర్వాత అది దేశమంతటా పాకింది. అందుకే ఇప్పటి జాతీయ విధానం వేరు. ముందు రక్తపరీక్ష చేయాలి. ఫాల్సిపారమ్ అయితే ఆర్టెమిసినిన్ జాతి మందును మరొక మందుతో కలిపి ఇవ్వాలి. వైవాక్స్ అయితే క్లోరోక్విన్‌తోపాటు, కాలేయంలో దాగిన పరాన్నజీవి కోసం 14 రోజులు ప్రైమాక్విన్ ఇవ్వాలి. ఈ ప్రైమాక్విన్ గర్భిణులకూ పసిపిల్లలకూ ఇవ్వకూడదు. రక్తంలో జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్నవారికి అది హాని చేయవచ్చు.

ఈ మార్పు తెలియని పాత ప్రతి బీరువాలో ఉండి, పైన జాబితా "తప్పక చదవండి" అంటే ఏమవుతుంది? చదువుకున్న పిల్లవాడు ఇంట్లో జ్వరం వచ్చినవారికి పుస్తకం చూసి మందు చెబుతాడు. అతనిది మంచి ఉద్దేశమే, పుస్తకం కూడా మంచిదే. అయినా ప్రాణం మీదికి రావచ్చు. ఇక్కడ తప్పు రచయితది కాదు. హెస్పీరియన్ సంస్థ ఈ పుస్తకాన్ని సవరిస్తూనే వచ్చింది. తప్పు సంవత్సరం చెప్పని జాబితాది.

ఇంకో సంగతి గమనించండి. 2020 జనవరిలో మొదలైన "మలేరియా ముక్త బస్తర్" కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ పరీక్షలు చేశారు. మొదటి విడతలో 14 లక్షల మందికి పైగా పరీక్షించారు. మలేరియా ఉన్నట్టు తేలినవారిలో సగానికి పైగా జనానికి ఏ లక్షణాలూ లేవు! చలి, జ్వరం, చెమట అని వరసగా లక్షణాలు నేర్పే ఏ పుస్తకమూ ఈ మనుషులను పట్టుకోలేదు. అందుచేత ఈ పుస్తకం పేరు పక్కన జాబితాలో మరో వాక్యం ఉండాలి: "మలేరియా అధ్యాయం చదివాక మీ ఊరి మితానిన్‌ను అడగండి." మితానిన్ అంటే ఛత్తీస్‌గఢ్ గ్రామాల్లో 2002 నుంచి పనిచేస్తున్న ఆరోగ్య కార్యకర్త. దేశమంతటా "ఆశా" కార్యకర్తలు రావడానికి ముందే ఆమె ఉంది. గ్రంథాలయం ఇచ్చే సమాచారంలో పుస్తకాలే కాదు, ఇలాంటి మనుషులు కూడా ఉండాలి.

"బస్తర్ పుస్తకం" అంటే ఏ బస్తర్?

స్థానిక విషయాల జాబితా అడిగితే వెరియర్ ఎల్విన్ 1947లో ప్రచురించిన మురియాల ఘోటుల్ గ్రంథం తప్పక వస్తుంది. శ్రద్ధగా, సానుభూతితో చేసిన పరిశోధన అది. కానీ మురియాల ఘోటుల్ వ్యవస్థ ప్రధానంగా బస్తర్ ఉత్తర భాగానిది, కొండగావ్, నారాయణపూర్‌ల వైపుది. దంతెవాడ చుట్టుపక్కల ఉండేవారు దండామి మాడియాలు. వారి గురించి చదవాలంటే అంతకుముందే, 1938లో వచ్చిన గ్రిగ్సన్ పుస్తకం "ది మారియా గోండ్స్ ఆఫ్ బస్తర్" దగ్గరిది. కొండ మారియాలను, నృత్యంలో కొమ్ముల తలపాగా ధరించే మారియాలను ఆయన వేరుచేసి వివరించాడు. రాజ్య పాలనాధికారిగా ఉన్నవాడు రాసినది కాబట్టి ఆ చూపుకు ఉన్న హద్దులు మరచిపోకుండా చదవాలి. రెండు పుస్తకాలూ ఇంగ్లీషువే. ఎవరి గురించి రాశారో ఆ ఇంటి పిల్లలే చదవలేరు. "బస్తర్ గురించి" అని ఒకే అట్ట కింద రెండింటినీ కట్టే జాబితా పాఠకుడి కాలాన్ని వృథా చేస్తుంది. నాలుగో సూత్రం అక్కడ తప్పింది.

చేయమనే పుస్తకం

మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం కోసం "బాల వైజ్ఞానిక్" అనే హిందీ పాఠ్యపుస్తకాలు తయారయ్యాయి. జవాబులు ముందే అందించకుండా, ప్రయోగం చేసి చూసి మీరే తేల్చుకోండి అంటాయి అవి. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబుతో రేఖాగణితం నేర్పిన అరవింద్ గుప్తా కూడా ఆ వాతావరణం నుంచే వచ్చాడు. ఆయన వెబ్‌సైటులో తెలుగుతో సహా అనేక భాషల పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. గీదం పిల్లలకు భాష సరిపోతుంది, సామాను సంతలోనే దొరుకుతుంది.

మరి లోపం లేదా? ఉంది. "బాల వైజ్ఞానిక్" ఒంటరి పాఠకుడి కోసం రాసినది కాదు. నలుగురు పిల్లల జట్టు, కిట్టు, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు ఉంటేనే అది నడుస్తుంది. కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వం ఆపివేసింది. ఇప్పుడు పుస్తకాన్ని మాత్రం బీరువాలో పెడితే, జవాబు దొరకని పిల్లవాడు విసుగెత్తి మూసేస్తాడు. కాబట్టి ఈ పుస్తకాన్ని సిఫార్సు చేసే గ్రంథాలయం వారానికి ఒక గంట ఒక బల్ల కూడా ఇవ్వాలి. బల్ల ఇవ్వనిదే ఆ సిఫార్సు పూర్తికాదు.

సాలిం అలీ 1941లో తెచ్చిన "ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్"ను ఈ బల్ల మీదే ఉంచవచ్చు. ఇంగ్లీషు అంతగా రాని పాఠకుడికీ అందులో ఒక మేలు ఉంది. పక్షి పరిమాణాన్ని అంగుళాల్లో చెప్పి వదలకుండా పిచ్చుక, గోరింక, కాకి వంటి తెలిసిన పక్షులతో పోల్చి చెబుతాడు. ఆ కొలతకు భాషతో పెద్దగా పని లేదు. పక్షుల గోండీ, హల్బీ పేర్లు మాత్రం అందులో ఉండవు. వాటిని పాఠకులే పెన్సిలుతో ఒక కాగితం మీద రాసి పుస్తకంలో ఉంచితే, తర్వాత వచ్చేవారికి అది కొత్త ముద్రణే.

ఖాళీగా ఉన్న అర

2011 జనాభా లెక్కల్లో గోండీ తమ మాతృభాష అని చెప్పినవారు సుమారు 29.8 లక్షలు. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో గోండీ లేదు. ఆదిలాబాదు ప్రాంతంలోని గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే అక్షరాలు కంప్యూటరులోకి వచ్చాయి. బీరువాలోకి సైన్సు పుస్తకాలు రావాలి. గోండీలో మంచి సైన్సు పుస్తకం కావాలని పాఠకులు అడగకపోతే జాబితా రాసేవారికి ఆ ఖాళీ కనిపించదు. అందుకే మంచి జాబితాలో లేని పుస్తకాలకు కూడా ఒక అర ఉండాలి.

చూపు లేని పిల్లల అర కూడా చాలా చోట్ల ఇలాగే ఖాళీ. వారి కోసం 2016లో "సుగమ్య పుస్తకాలయ" అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. అయితే ఆ సంగతి చెప్పేవారు ఉండాలి, వినిపించే పరికరం ఉండాలి.

పుస్తకం పాఠకుడి దగ్గరికి పోవడం మన తెలుగువారికి కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పడవ ఆగిన చోటల్లా పాఠకులకు పుస్తకాలు అందాయి. గీదం చుట్టూ కాలువలు లేవు, సంతలు ఉన్నాయి. పడవ చేసిన పని సంతలో పెట్టిన ఒక పెట్టె చేయగలదు.

మీరు చేయగల పని

మీది ఏ ఊరైనా సరే, ఈ నెల మీ గ్రంథాలయానికి వెళ్లి సైన్సు బీరువాలోంచి అయిదు పుస్తకాలు తీయండి. ఒక్కొక్కదానికి ఒక చీటీ రాయండి. మొదట ఎప్పుడు వచ్చింది, మీ చేతిలోని ముద్రణ ఏ సంవత్సరానిది, ఎవరికి అర్థమవుతుంది, ఎవరికి కాదు, ఇప్పుడు మారిపోయిన విషయం ఏమైనా ఉందా, సందేహం వస్తే మీ ఊళ్లో ఎవరిని అడగాలి. గ్రహాల పుస్తకం తీస్తే ప్లూటో ఇంకా తొమ్మిదో గ్రహంగానే ఉందేమో చూడండి. 2006లో దాన్ని మరుగుజ్జు గ్రహాల వర్గంలో చేర్చారు. చీటీలు గ్రంథపాలకుడికి చూపించి, ఆయన సరేనంటే పుస్తకాల్లో పెట్టండి. ప్లూటో విషయంలో పొరపడితే ఒక మార్కు పోతుంది. మలేరియా విషయంలో పొరపడితే ఏం పోతుందో మీకు తెలుసు. కాబట్టి మొదటి చీటీ ఆరోగ్య పుస్తకానికే రాయండి.