240 వోల్టుల ఊరిలో పాత రిసీవర్

రేడియో తరంగాన్ని అందుకునే ట్యూనర్, గ్రామఫోన్ సూది నుంచి వచ్చే అతి బలహీనమైన సంకేతాన్ని పెంచి సరిదిద్దే ప్రీ ఆంప్లిఫయర్, స్పీకర్లను కదిలించగల పవర్ ఆంప్లిఫయర్, ఈ మూడింటినీ ఒకే పెట్టెలో ఇమిడ్చిన యంత్రాన్ని స్టీరియో రిసీవర్ అంటారు. అమెరికాకు చెందిన హర్మన్ కార్డన్ సంస్థ 1958లోనే ఇటువంటి యంత్రాన్ని అమ్మకానికి తెచ్చినా, ఎడమ, కుడి ధ్వనులను రెండింటినీ ఒకే ఎఫ్.ఎం. తరంగం మీద పంపే పద్ధతిని 1961లో ఆ దేశం ఆమోదించిన తరువాతే ఇది ఇళ్లలోకి విరివిగా ప్రవేశించింది. 1970లలో మరాంజ్, పయనీర్, సాన్సుయి, యమహా, కెన్‌వుడ్ పేర్లతో వచ్చిన రిసీవర్లు నేటికీ ఖతార్ రాజధాని దోహాలో చేతులు మారుతూనే ఉన్నాయి. ఉద్యోగం ముగించుకుని దేశం విడిచే కుటుంబం అమ్మే సామానులో ఒకటి కనిపిస్తే, జపాను నుంచో అమెరికా నుంచో అభిమాని తెప్పించుకున్న పార్సెల్‌లో మరొకటి దిగుతుంది. అటువంటి యంత్రాన్ని ఇంట్లో అమర్చడమంటే వెనుక తీగలు తగిలించడమేనని చాలామంది అనుకుంటారు గాని, ఖతార్‌లో అసలు పని తీగలకు ముందే ఉంది. ఏ దేశపు విద్యుత్తుకు, ఏ దేశపు ఆకాశవాణికి, ఎంత వేడికి ఆ యంత్రాన్ని తయారు చేశారో తెలుసుకుని, వాటిని ఈ దేశపు పరిస్థితులతో ఒక్కొక్కటిగా సరిపోల్చడమే ఆ పని.

గల్ఫ్‌కూ తెలుగు ఇళ్లకూ మధ్య ధ్వని యంత్రాల సంబంధం పాతదే. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవారు సెలవుకు తిరిగి వచ్చేటప్పుడు రేడియో, టేప్ రికార్డర్ కలిసిన టూ ఇన్ వన్ తేవడం ఒక తరానికి బాగా గుర్తున్న విషయం. ఉత్తరానికి బదులు క్యాసెట్‌లో మాటలు నింపి ఊరికి పంపిన కుటుంబాలూ ఉన్నాయి. రిసీవర్ మాత్రం ఆ ప్రయాణం అరుదుగా చేసింది. 1978లో వచ్చిన పయనీర్ ఎస్‌ఎక్స్ 1980 ఒక్కటే దాదాపు 35 కిలోల బరువు తూగుతుంది. దానికి విడిగా రెండు స్పీకర్లు కావాలి. విమానంలో అనుమతించే సామాను బరువు దానికి చాలదు. అందువల్ల టేప్ రికార్డర్ ఊరికి చేరగా రిసీవర్ గల్ఫ్ గదుల్లోనే నిలిచిపోయింది. టూ ఇన్ వన్‌ను విప్పి బాగుచేయగల చేతులు మన పట్టణాల్లో వీధికొకటి తయారైనా, రిసీవర్ గురించిన అనుభవం తెలుగులో పెద్దగా పోగుపడలేదు. ఆ లోటు పూడ్చదగినది.

ఖతార్ ఇళ్లకు విద్యుత్తును కహ్రమా సంస్థ 240 వోల్టుల పీడనంతో, సెకనుకు 50 ఆవృత్తులతో సరఫరా చేస్తుంది. పాత రిసీవర్ వెనుక పలకను ముందుగా చదవవలసింది ఇందుకే. ఆసియా, ఐరోపా మార్కెట్లకు ఎగుమతి చేసిన అనేక నమూనాలకు 110, 120, 220, 240 అంకెలున్న వోల్టేజ్ సెలెక్టర్, అంటే ట్రాన్స్‌ఫార్మర్ తొలి చుట్టలను కావలసిన విధంగా కలిపే చిన్న మీట, ఉంటుంది. వెనుకటి యజమాని దాన్ని 220 దగ్గర వదిలితే దోహాలో యంత్రం పని చేస్తుంది, పాట కూడా బాగానే వినిపిస్తుంది; కాని లోపలి వోల్టులన్నీ సుమారు 9 శాతం పెరిగి ఉంటాయి. ఆ పెరుగుదల ధ్వనిలో తెలియదు, ట్రాన్సిస్టర్ల వేడిలోనూ, డయల్ వెనుక దీపాల ఆయుష్షులోనూ తెలుస్తుంది. మీటను 240కి మార్చడానికి పట్టే సమయం చాలా తక్కువ, అది చేయకపోతే జరిగే నష్టం నెమ్మదిగా పేరుకుంటుంది. ఇక సెలెక్టర్ లేని అమెరికా నమూనా 120 వోల్టులకు, జపాను దేశీయ నమూనా 100 వోల్టులకు తయారైనవి. వీటిని ఇక్కడి సాకెట్‌లో నేరుగా పెడితే అదృష్టం బాగుంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. వోల్టులను తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వీటికి తప్పనిసరి. దాని సామర్థ్యం రిసీవర్ వినియోగానికి కనీసం రెట్టింపు ఉండాలి. దాని అయస్కాంత క్షేత్రం సూది తీగల్లోకి గుయ్యిమనే హమ్మును తెస్తుంది కాబట్టి దాన్ని గ్రామఫోన్‌కు దూరంగా ఉంచాలి.

స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మార్చగలదే గాని ఆవృత్తిని మార్చలేదన్న సంగతి తరచుగా మరుగున పడుతుంది. 60 ఆవృత్తులకు మాత్రమే లెక్కగట్టి తయారు చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌కు అవే 120 వోల్టులు 50 ఆవృత్తులతో అందితే, దాని ఇనుప కోరులో అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరిగి, అది ఎక్కువ వేడెక్కి సన్నగా గుర్రుమంటుంది. రిసీవర్‌తో పాటు వచ్చిన అమెరికా గ్రామఫోన్ విషయంలో ఈ తేడా చెవికే దొరుకుతుంది. కరెంటు ఆవృత్తిని అనుసరించి తిరిగే సింక్రనస్ మోటారు ఇక్కడ ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, కాబట్టి నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన రికార్డు 28కి కొంచెం తక్కువగా తిరుగుతుంది. నాలుగో శ్రుతిలో పాడిన కచేరీ రెండో శ్రుతికి దిగి, లయ కూడా ఆ మేరకు సాగిపోతుంది. సంగీతం తెలిసినవారు దీన్ని ఒక్క నిమిషం భరించలేరు. మోటారు కప్పీని 50 ఆవృత్తులకు సరిపడేదానితో మార్చడమో, డి.సి. మోటారుతో నడిచే గ్రామఫోన్‌ను ఎంచుకోవడమో దీనికి పరిష్కారం.

దోహాలో విద్యుద్దీపాలు మొదట వెలిగిన వీధిగా పేరుపడిన ముషైరిబ్‌లోని కహ్రబా వీధి నుంచి కొత్తగా కట్టిన లుసైల్ భవనాల దాకా గోడ సాకెట్లు బ్రిటిష్ పద్ధతివి, దీర్ఘచతురస్రాకారపు పిన్నులు మూడున్నవి. ఈ ప్లగ్గు లోపలే ఒక ఫ్యూజు ఉంటుంది. మామూలుగా అది 13 ఆంపియర్లది. మధ్యస్థమైన రిసీవర్‌కు 3 ఆంపియర్ల ఫ్యూజు, అంటే 720 వాట్ల వరకు తట్టుకునేది, చాలు. పాత తీగ ఎక్కడైనా చిట్లి ఉంటే 13 ఆంపియర్ల ఫ్యూజు కంటే ముందు తీగే కాలవచ్చు గనుక ఈ చిన్న మార్పును వాయిదా వేయకూడదు.

పెట్టె చేరిన రోజునే ప్లగ్గు పెట్టి స్విచ్చు వేయాలన్న ఆత్రుతను అణచుకోవడం ఈ విద్యలో మొదటి నియమం. ఏళ్ల తరబడి ఆగి ఉన్న యంత్రంలో ఎక్కువగా మార్పు వచ్చేది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు. మరమ్మతు దుకాణాల్లో కండెన్సర్లు అని పిలిచే ఈ చిన్న డబ్బాలు లోపలి ద్రవం సాయంతో విద్యుదావేశాన్ని నిలువ చేస్తాయి, వాడకం లేకపోతే వాటి లోపలి పొర బలహీనపడుతుంది. ప్లగ్గు తీసే ఉంచి, పై మూత విప్పి, మెత్తని కుంచెతో ధూళి దులిపి, ఉబ్బిన కెపాసిటర్లు, నల్లబడిన రెసిస్టర్లు ఉన్నాయేమో వెతకాలి. షమాల్ గాలి మోసుకొచ్చే ఇసుక ధూళి మూసిన కిటికీల సందుల్లోంచి కూడా దూరేంత సన్ననిది కాబట్టి ఖతార్‌లో నివసించిన యంత్రంలో ఇది సర్క్యూట్ పలకల మీద దుప్పటిలా పరచుకుని, వేడిని బయటికి పోనివ్వకుండా ఆపుతుంది. వాల్యూమ్ తిప్పినప్పుడు వచ్చే గరగర శబ్దానికి మూలం ఆ మీట లోపలి కార్బన్ పట్టీ మీద చేరిన మురికి. కాంటాక్ట్ క్లీనర్‌ను చిన్న రంధ్రం గుండా ఒక చుక్క చిమ్మి, మీటను అటూ ఇటూ పలుమార్లు తిప్పితే సాధారణంగా పోతుంది.

ఆ తరువాతే కరెంటు. అదీ నేరుగా కాదు, సిరీస్ బల్బు ద్వారా ఇవ్వాలి. తీగ వేడెక్కి వెలిగే 60 లేదా 100 వాట్ల పాత రకం బల్బునో, అంతే సామర్థ్యమున్న హాలోజన్ బల్బునో రిసీవర్‌కు వెళ్లే ఒక తీగ మధ్యలో కలుపుతారు, ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి రాదు. లోపల ఎక్కడా దోషం లేకపోతే బల్బు ఒక్కసారి వెలిగి, కెపాసిటర్లు నిండాక మసకబారుతుంది. షార్ట్ ఉంటే నిండుగా వెలుగుతూనే ఉండి, యంత్రానికి హాని జరగకుండా కరెంటును తన మీద వేసుకుంటుంది. ఈ పరీక్ష నెగ్గాక పూర్తి వోల్టులు ఇస్తే, కొన్ని సెకన్లకు లోపల టిక్కుమని రిలే శబ్దం వస్తుంది. రిలే అంటే లోపలి వోల్టులు కుదుటపడే వరకు స్పీకర్లను విడదీసి ఉంచే కాపలా స్విచ్చు. శబ్దం వినిపించినంత మాత్రాన స్పీకర్లు తగిలించకుండా, స్పీకర్ కొనల మధ్య మల్టీమీటర్ పెట్టి డి.సి. ఆఫ్‌సెట్ చూడాలి, పాట లేనప్పుడు అక్కడ ఉండకూడని స్థిర వోల్టేజ్ ఇది. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత, 100 దాటితే పవర్ ఆంప్లిఫయర్‌ను తెలిసినవారికి చూపాలి. ఈ ఒక్క కొలత తీసుకోనందువల్ల మంచి స్పీకర్లు కాలిపోయిన ఉదంతాలు తక్కువేమీ కావు. యంత్రం మీద గౌరవం ఉన్నవారు ఈ క్రమాన్ని తొందరపాటుతో తగ్గించుకోరు.

వేడి సంగతి విడిగా చెప్పుకోవాలి. పరిసర ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు సగానికి తగ్గుతుందని ఇంజనీర్లు ఒక స్థూల సూత్రంగా చెబుతారు. దోహా వేసవి పగళ్లు 40 డిగ్రీలు దాటడం మామూలు. ఏసీ నడిచే గదిలో యంత్రానికి ఇబ్బంది లేదు గాని, కుటుంబం జులైలో స్వదేశానికి వెళుతూ ఏసీ ఆపి, తలుపులు మూసి వెళ్లే ఇంట్లో వారాల తరబడి అది ఆ వేడినంతా భరించాలి. కనీసం ఎండ పడే గోడకు దూరంగా ఉంచి, ప్లగ్గు తీసి వెళ్లడం అవసరం. ఇక్కడ ఒక అమెరికా నిబంధన ఖతార్ శ్రోతకు అర్ధ శతాబ్దం తరువాత కూడా మేలు చేస్తోంది. ఆంప్లిఫయర్ల వాట్లను గురించి తయారీదారులు చేసే అతిశయోక్తులను అరికట్టడానికి ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఒక నియమం తెచ్చింది. ప్రకటించిన సామర్థ్యంలో మూడింట ఒక వంతు వద్ద యంత్రాన్ని గంటసేపు నడిపిన తరువాతే కొలత తీయాలన్నది అందులో ఒక షరతు. ఈ తరగతి ఆంప్లిఫయర్లు అత్యధికంగా వేడెక్కేది పూర్తి శబ్దం వద్ద కాదు, సుమారు ఆ స్థాయిలోనే. ఆ గంట పరీక్షను తట్టుకోవడానికి తయారీదారులు వేడిని వెదజల్లే అల్యూమినియం రెక్కలనూ, ట్రాన్స్‌ఫార్మర్లనూ పెంచక తప్పలేదు. 1970ల చివరి రిసీవర్ల బరువుకు ఒక ముఖ్య కారణం ఇదే, ఎడారి దేశంలో అవి ఇంకా నిలిచి ఉండటానికీ ఇది తోడ్పడింది. అయితే ఆ రెక్కల మీద గాలి ఆడాలి. పైన గ్రామఫోన్ పెట్టి, రెండు వైపులా పుస్తకాలు పేర్చి, అద్దాల బీరువాలో మూసే అలంకరణ ఈ యంత్రానికి శిక్ష.

చాలామంది సొంతదారులు నేడు ట్యూనర్‌ను పట్టించుకోకుండా ఫోను నుంచి పాటలు పంపే ఆంప్లిఫయర్‌గా మాత్రమే రిసీవర్‌ను వాడుతున్నారు. ఇది విచారించదగిన విషయం, ఎందుకంటే నాటి ఇంజనీర్లు ఎక్కువ శ్రద్ధ పెట్టిన భాగాల్లో ట్యూనర్ ఒకటి, దానికి తగిన ప్రసారాలు దోహా గాలిలో ఉన్నాయి. 1968లో మొదలైన ఖతార్ రేడియో అరబ్బీ ప్రసారాలతో పాటు 97.5 మెగాహెర్ట్జ్ మీద ఇంగ్లీషు, 107 మీద ఉర్దూ వినిపిస్తాయి. ప్రైవేటు హిందీ, మలయాళ స్టేషన్లు కూడా ఉన్నాయి. జపాను దేశీయ నమూనాకు ఈ ఎఫ్.ఎం. స్టేషన్లు అందవు, దాని ఎఫ్.ఎం. డయల్ 76 నుంచి 90 మెగాహెర్ట్జ్‌ల వరకే ఉండటమే కారణం. ఎంత అందమైన యంత్రమైనా రేడియో కోసం దాన్ని కొనడం వృథా. అమెరికా నమూనా అన్ని స్టేషన్లనూ పట్టుకుంటుంది గాని, పై స్వరాలు మందగించి, తాళాల ఝణత్కారం తెర వెనుక నుంచి వచ్చినట్లు వినిపిస్తుంది. కారణం డీ ఎంఫసిస్. బుసబుసమనే రొదను తగ్గించడానికి ఎఫ్.ఎం. స్టేషన్ పై స్వరాలను పెంచి పంపితే, రిసీవర్ వాటిని అదే నిష్పత్తిలో తగ్గించి యథాస్థితికి తెస్తుంది. ఈ తగ్గింపుకు అమెరికాలో 75 మైక్రోసెకన్ల కొలత, ఖతార్‌లోనూ భారతదేశంలోనూ 50 మైక్రోసెకన్ల కొలత వాడుకలో ఉంది. రెంటికీ మధ్య తేడా 10 కిలోహెర్ట్జ్‌ల వద్ద సుమారు 3 డెసిబెల్స్. ట్రెబుల్ మీట తిప్పి దీన్ని కప్పిపుచ్చడం సరైన మార్గం కాదు. కొన్ని నమూనాల వెనుక ఇందుకు స్విచ్చే ఉంటుంది, లేనివాటిలో ఎడమ, కుడి మార్గాల్లోని రెండు చిన్న కెపాసిటర్లను మూడింట రెండు వంతుల విలువవాటితో మార్చితే రేడియో తన అసలు గొంతును తిరిగి పొందుతుంది. ఏరియల్‌గా సుమారు ఒకటిన్నర మీటర్ల చదునైన తీగతో టి ఆకారంలో చేసిన డైపోల్ నగరంలో చాలు, కాంక్రీటు గోడకంటే కిటికీ పక్కన అది బాగా పని చేస్తుంది.

తీగల అమరిక గురించి ఇంత చెప్పనక్కరలేదు. రెండు స్పీకర్లకూ ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు కలవాలి, ఒకటి తారుమారైతే మంద్రస్వరాలు ఒకదానినొకటి మింగేస్తాయి. 8 ఓమ్‌ల జతలు రెంటిని ఏ, బీ మీటలతో ఒకేసారి నడిపితే చాలా నమూనాల్లో భారం 4 ఓమ్‌లకు దిగుతుందని గుర్తుంచుకోవాలి. గ్రామఫోన్ నుంచి వచ్చే సన్నని నేల తీగను రిసీవర్ వెనుక మరకు బిగించకపోతే హమ్ము వస్తుంది. కొత్త సొంతదారులను ఎక్కువగా కంగారుపెట్టేది మరొకటి, అన్నీ సరిగా ఉండి కూడా శబ్దం రాకపోవడం. టేప్ మానిటర్ మీట నొక్కి ఉన్నా, వెనుక ప్రీ ఔట్, మెయిన్ ఇన్ రంధ్రాలను కలిపే చిన్న లోహపు కమ్మీలు పోయినా యంత్రం మౌనంగా ఉంటుంది. ఈ రెండూ చూడకుండా రిసీవర్ పాడైందని తేల్చి చవకగా అమ్ముకున్నవారున్నారు, అలా కొని అదృష్టవంతులైనవారూ ఉన్నారు.

దోహాకు సరిదిద్దిన రిసీవర్ భారతదేశానికీ సరిపోతుంది. ఇక్కడి 50 ఆవృత్తులే అక్కడా, ఇక్కడి డీ ఎంఫసిస్సే అక్కడా. 240 దగ్గర ఉంచిన మీట 230 వోల్టుల ఇంట్లో ఏ హానీ చేయదు, ప్లగ్గు ఒక్కటి మారుస్తే చాలు. అయితే గల్ఫ్‌లో ఏ సామానూ ఒకే ఇంట్లో ఎక్కువ కాలం ఉండదు కాబట్టి, చేసిన పనిని రాసి పెట్టడం కూడా అమరికలో భాగమే. మీట ఏ వోల్టుల దగ్గర ఉంది, ఎడమ కుడి ఆఫ్‌సెట్లు ఎన్ని మిల్లీవోల్టులు, ఏ కెపాసిటర్లు ఏ సంవత్సరంలో మారాయి, డీ ఎంఫసిస్ 50కి మార్చారా లేదా అన్న వివరాలను కాగితం మీద రాసి మూత లోపలి వైపు అతికిస్తే, యంత్రం నిజామాబాద్ చేరినా, ముషైరిబ్‌లో మరో అంతస్తుకు మారినా, దాన్ని తరువాత విప్పే మనిషి పని అక్కడి నుంచి మొదలవుతుంది.