చెరువు మీద వెలసిన పేరు

మద్రాసు త్యాగరాయనగరంలో పెరిగిన తెలుగు విద్యార్థులను తమ పేట చరిత్ర రాయమంటే సాధారణంగా పేర్లతో మొదలుపెడతారు. నగర్ పేరు జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన పిట్టి త్యాగరాయ చెట్టిది. పార్కు పేరు 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రథమ మంత్రిగా ఉన్న పానగల్ రాజాది. ఇద్దరూ తెలుగువారే. వ్యాసం అక్కడితో ఆగిపోతుంది. చివర ఒక పాత పటం అతికిస్తారు గాని దాన్ని చదవరు. మా అభ్యంతరం ఇక్కడే.

1923కు ముందటి పటాల్లో ఆ చోట వీధులు లేవు, చెరువు ఉంది. నుంగంబాక్కం నుంచి సైదాపేట వైపు, మౌంట్ రోడ్డుకు పడమరగా సాగిన పొడవాటి చెరువు. ఇంగ్లీషువారు లాంగ్ ట్యాంక్ అన్నది దీన్నే. పెరుగుతున్న నగరానికి ఇళ్ల స్థలాలు కావలసివచ్చి 1923లో మాంబలం భాగాన్ని ఎండగట్టి కొత్త పేట వేశారు. అప్పుడు ప్రభుత్వం నడుపుతున్నది పానగల్ రాజాయే. పార్కు పేరు చూసి పొంగిపోయే వ్యాసంలో ఈ వాక్యం కూడా ఉండాలి. మేము చదివిన వాటిలో అది అరుదు.

ఇక పైనుంచి తీసిన ఛాయాచిత్రాలు. అమెరికా 1960-72 మధ్య గూఢచారి ఉపగ్రహాలతో తీయించి, 1995లో బయటపెట్టిన చిత్రాలు ఇప్పుడు విద్యార్థులకు కూడా అందుతున్నాయి. వాటిని చూసి మాంబలంలో చెరువే లేదని తేల్చేవారున్నారు. చెరువు పోయి దశాబ్దాలు గడిచాక తీసిన చిత్రం ఇంకేం చెబుతుంది? నెల కూడా చూసుకోవాలి. వాననీటి చెరువు మే నెలలో బీడులా, నవంబరులో సముద్రంలా కనిపిస్తుంది. పటం గీసేవాడు సాధారణంగా కట్టను బట్టి అంచు గీస్తాడు కనుక ఈ ఒక్క విషయంలో మేము పటం పక్షమే. అయితే ఛాయాచిత్రం ఆకారాన్ని దాచదు. పానగల్ పార్కు నుంచి నలుదిక్కులకూ విచ్చుకున్న వీధులను చూస్తే అది ఒక్క ఊపున వేసిన పేట అని తెలిసిపోతుంది.

పటంలోని పేరును నమ్మడానికీ హద్దు ఉంది. పాత నల్లపట్నంలోని, అంటే నేటి జార్జిటౌన్‌లోని, పెద్దనాయకన్‌పేటను తీసుకుందాం. పేట రెండు భాషల్లోనూ ఉన్న మాటే, తమిళంలో పేట్టై. నాయకన్ అన్న బిరుదు తెలుగువారికీ ఉంది, తమిళులకూ ఉంది. దాన్నిబట్టి ఇంటి భాష తేలదు. మిగిలింది 'పెద్ద'. తమిళమైతే 'పెరియ' కావాలి. పట్నం కాపలాకు పెద్దగా ఉన్న పెద్దనాయకుడి ఉద్యోగం పేరది. ఆ ఉద్యోగానికి తెలుగు పేరుండేదని దీనివల్ల రుజువవుతుంది. వీధివీధంతా తెలుగు మాట్లాడిందని రుజువు కాదు. మన విద్యార్థులు ఈ రెంటినీ కలిపేసి పేట మొత్తాన్ని మనదిగా రాసేస్తుంటారు. అది చదివిన పక్కింటి తమిళ విద్యార్థి నవ్వితే తప్పు అతనిది కాదు.

పడమటి మాంబలంలో లేక్‌వ్యూ రోడ్డు ఇంకా ఉంది. అక్కడ నిలబడి చూస్తే నీరు కనబడదు. ఆ చుట్టుపక్కల పాతకాపులైన తెలుగు కుటుంబాల్లో తాతలు ఆ నీటిని చెరువు అనేవారో, ఏరి అనేవారో అడిగి, విన్నది విన్నట్లు రాసుకుని, ఆ తర్వాతే పటం విప్పమని ఈ ఏడాది విద్యార్థులకు మా సూచన.