విద్యుద్బలం: రెండు సిద్ధాంతాలు, మన విమర్శ పద్ధతి

కథ చేతికి రాగానే రాసినవాడి పుట్టుక, ఉద్యోగం, సంఘ సభ్యత్వం వాకబు చేసి, ఆ మీదట దాని దృక్పథాన్ని తేల్చే అలవాటు మన విమర్శలో ఇంకా పోలేదు. దీనికి జవాబుగా బాల్జాక్ మీద 1888లో ఎంగెల్స్ రాసిన ఉత్తరాన్ని చూపడం ఆనవాయితీ. ఉత్తరం అందరికీ కంఠతా వచ్చుగాని అలవాటు మాత్రం మారలేదు. కనుక సాహిత్యం వెలుపలి ఉదాహరణ ఒకటి తీసుకుంటాను.

విద్యుదావేశం గల రెండు కణాలు ఒకదాన్నొకటి ఎలా లాగుతాయి, ఎలా నెడతాయి? దూరం రెట్టింపయితే బలం నాలుగోవంతు అవుతుందని 1785లో కూలుంబ్ కొలిచి చెప్పాడు. మరి కదిలే ఆవేశాల మాటేమిటి? జర్మనీలో విల్‌హెల్మ్ వెబర్ 1846లో ఒక సూత్రం ఇచ్చాడు. బలం కణాల మధ్య దూరం మీదనేగాక వాటి సాపేక్ష వేగం మీద, ఆ వేగంలోని మార్పు మీద కూడా ఆధారపడుతుంది. నడుమనున్న చోటుకు ఇందులో పాత్ర లేదు. ఇంగ్లండులో ఫారడే ఇందుకు భిన్నంగా ఆలోచించాడు. అయస్కాంతం చుట్టూ ఇనుప రజను తీర్చే గీతలను చూసి, బలం ఉండేది ఆ నడిమి చోటులోనే అన్నాడు. ఆ ఊహకు గణితరూపం ఇచ్చినవాడు మాక్స్‌వెల్. అదే క్షేత్ర సిద్ధాంతం.

ఇక వీరి పుట్టుపూర్వోత్తరాలు. ఫారడే కమ్మరి కొడుకు, పుస్తకాలు బైండు చేసేచోట పని నేర్చినవాడు. మాక్స్‌వెల్ స్కాట్లండులో ఎస్టేటు గల కుటుంబంవాడు, దైవభక్తుడు. వెబర్? హనోవర్ రాజు రాజ్యాంగాన్ని రద్దు చేస్తే నిరసించి, 1837లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పోగొట్టుకున్న ఏడుగురు ఆచార్యుల్లో ఒకడు. మన పద్ధతి ప్రకారం వెబర్ సిద్ధాంతం అభ్యుదయకరం, మాక్స్‌వెల్‌ది తిరోగామి కావాలి. ఫారడేను చూపి క్షేత్ర సిద్ధాంతమే శ్రామికవర్గానిదనేవారూ ఉంటారు; అప్పుడు దానికి గణితం కూర్చిన భూస్వామిని ఏం చేస్తారో! ప్రకృతి ఈ లెక్కలేవీ చూడలేదు. విద్యుత్ ప్రభావం తరంగాలుగా చోటును దాటిపోతుందని 1887-88లో హెర్ట్జ్ ప్రయోగాలు చూపాక తీర్పు క్షేత్రం వైపు మొగ్గింది.

కాని నాకు అంతకంటే విలువైనదిగా తోచేది మాక్స్‌వెల్ ప్రత్యర్థిని చదివిన తీరు. ఆవేశాన్ని కొలిచే రెండు ప్రమాణాల నిష్పత్తిని 1856లో వెబర్, కోల్‌రౌష్ కలిసి రాబట్టారు. దాని నుంచి వచ్చే వేగం సెకనుకు సుమారు 3,10,000 కిలోమీటర్లని, అది కాంతివేగానికి అతి దగ్గరదని గమనించి, కాంతి విద్యుదయస్కాంత తరంగమేనన్న నిర్ణయానికి వచ్చాడు మాక్స్‌వెల్. అంటే తన సిద్ధాంతానికి ఆయువుపట్టయిన అంకెను ఎదుటి శిబిరం నుంచే తీసుకున్నాడు. 1873 నాటి తన ఉద్గ్రంథంలో చివరి అధ్యాయాన్ని ఆ శిబిరానికే కేటాయించి, వెబర్ సూత్రం శక్తి నిత్యత్వ నియమానికి విరుద్ధం కాదని రాశాడు. ఎదుటి సంఘంవారి పుస్తకాల మీద మన పత్రికల్లో వచ్చే సమీక్షల్లో ఇటువంటి వాక్యం ఒక్కటి వెతికి చూడండి!

గెలిచిన సిద్ధాంతంలోనూ వెలితి లేకపోలేదు. విద్యుత్తు కణాలుగా ఉంటుందన్న భావన మాక్స్‌వెల్‌కు మింగుడుపడలేదు. వెబర్‌కు అదే పునాది. 1892లో లోరెంజ్ మాక్స్‌వెల్ క్షేత్రాన్నీ, ఆవేశిత కణాలనూ ఒకే సిద్ధాంతంలో కలిపాడు, 1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రానును గుర్తించాడు. 1945లో వీలర్, ఫైన్‌మన్ మళ్ళీ క్షేత్రాన్ని పక్కనపెట్టి, కణాల నడుమ నేరుగా చర్య జరుగుతుందన్న లెక్క కట్టజూశారు. ఈసారి ప్రభావం చేరడానికి పట్టే కాలాన్ని కూడా లెక్కలో చేర్చుకుని. ఫైన్‌మన్ ఆ దారిలో చివరిదాకా నిలవలేదు. అయినా 1965 నాటి నోబెల్ ఉపన్యాసంలో తన పని ఆ ఊహతోనే మొదలైందని దాచకుండా చెప్పాడు.