వరుస హత్యల చిన్న సినిమాలు: ఎవరిని చూసి భయపడమంటున్నాయి?

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమా అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• ‘ఎర్ర గులాబీలు’, ‘దండుపాళ్యం’ చిత్రాల్లో హంతకుడి చిత్రణను పోల్చగలుగుతారు.
• ఒక నేరచిత్రం ప్రేక్షకుడి భయాన్ని ఎవరి మీదికి మళ్లిస్తుందో గుర్తించగలుగుతారు.

1. ప్రవేశిక

సినిమా విమర్శకులు సాధారణంగా పక్కన పెట్టేసే చిత్రాలను ఈ పాఠంలో తీసుకుంటున్నాం. వీటిలో పేరున్న కథానాయకుడు ఉండడు. ఖర్చు తక్కువ. పోస్టరు మీద కత్తి, నెత్తురు, భయపడుతున్న ఒక స్త్రీ ముఖం ఉంటాయి. ‘యథార్థ సంఘటనల ఆధారంగా’ అన్న మాట పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. ఒకడో, ఒక ముఠానో వరుసగా మనుషులను చంపుతూ పోవడమే కథ.

ఇలాంటి వాటికి విమర్శ దేనికని మీరు అడగవచ్చు. ఈ సినిమాల పెట్టుబడి భయం. పాటలు, హాస్యం హాలులోనే మరచిపోవచ్చు. భయం మాత్రం ప్రేక్షకుడితోపాటు ఇంటికి వస్తుంది. ఆ రాత్రి ఎవరైనా తలుపు తడితే అది పని చేస్తుంది. అందుకే ఈ చిత్రాలను అడగవలసిన మొదటి ప్రశ్న ‘బాగుందా, లేదా?’ అన్నది కాకూడదు. ‘ఎవరిని చూసి భయపడమంటోంది?’ అని అడగాలి.

ఈ పరిశీలనకు కర్నూలు జిల్లా పడమటి ప్రాంతాన్ని, అంటే ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాలను, ఉదాహరణగా తీసుకుంటున్నాం. ఆదోని తాలూకా 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు బళ్లారి జిల్లాలో ఉండేది. అక్కడి వారికి కన్నడం పరాయి భాష అనిపించదు. మనం చర్చించబోయే ముఖ్యమైన చిత్రం కన్నడం నుంచి వచ్చినదే. రెండో కారణం సుగ్గి. దాని గురించి అయిదో విభాగంలో చూద్దాం.

2. ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమా

ఈ మాటకు ఇక్కడ ‘దోపిడీ’ అని అర్థం చెప్పుకుంటే సరిపోదు. జనంలో అప్పటికే ఉన్న ఒక కుతూహలాన్నో, జుగుప్సనో, భయాన్నో సొమ్ము చేసుకోవడానికి తీసిన సినిమా అని అర్థం. పెద్ద చిత్రాన్ని కథానాయకుడి పేరు అమ్ముతుంది. చిన్న చిత్రాన్ని విషయం అమ్ముతుంది. పత్రికలో వచ్చిన ఒక హత్యకేసు నిర్మాతకు ఖర్చు లేని ప్రచారం. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద పెద్దలకు మాత్రమే అని ఇచ్చే ‘ఎ’ సర్టిఫికెట్టు కూడా ఇలాంటి చిత్రాలకు ఒక ఆకర్షణగా మారుతుంది.

ఖర్చు తక్కువ కావడం లోపమని అనుకోవద్దు. హిచ్‌కాక్ 1960లో ‘సైకో’ను నలుపు తెలుపుల్లో, తన టెలివిజన్ కార్యక్రమానికి పనిచేసే బృందంతో, పది లక్షల డాలర్ల లోపు ఖర్చుతో తీశాడు. స్నానాల గది హత్యలో మనం చూశామనుకునేది చాలావరకు కత్తిరింపుల వల్ల, శబ్దం వల్ల మన మనసులో పుట్టినదే. డబ్బు తక్కువైనప్పుడు దర్శకుడికి రెండు దారులుంటాయి. చూపించకుండా భయపెట్టడం ఒకటి. అంతా చూపించి భయపెట్టడం రెండోది. రెండో దారి సులువు. మన చిన్న చిత్రాలు ఎక్కువగా ఆ దారినే పోయాయి.

3. ‘ఎర్ర గులాబీలు’: హంతకుడు యజమాని

భారతీరాజా 1978లో తమిళంలో తీసిన ‘సిగప్పు రోజాక్కళ్’ తెలుగులో ‘ఎర్ర గులాబీలు’గా వచ్చింది. కమల్ హాసన్, శ్రీదేవి నటించినందువల్ల దీన్ని చిన్న చిత్రం అనలేం. అయినా మన ప్రేక్షకులకు వరుస హత్యల కథను బాగా పరిచయం చేసిన చిత్రం ఇది. అందుకే ఇక్కడినుంచి మొదలుపెట్టాలి.

ఇందులో హంతకుడు అందగాడు, చదువుకున్నవాడు, వ్యాపారస్థుడు. అతని తోటలో గులాబీలు పూస్తాయి. ఆ మొక్కల కింద స్త్రీల శవాలుంటాయి. బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయి అతన్ని పెళ్లి చేసుకుని ఆ ఇంట్లో అడుగుపెడుతుంది. అంటే ప్రమాదం గడప బయటినుంచి రావడం లేదు, ఇంటి యజమాని రూపంలో లోపలే ఉంది. భయపడవలసింది డబ్బూ మర్యాదా ఉన్న మనిషిని చూసి.

ఈ చిత్రంలో మరో పాత్ర ఉంది. హంతకుడిని పెంచిన తండ్రి. హత్యలను చిత్రీకరించగా ఆ దృశ్యాలను ఆయన కూర్చుని చూస్తాడు. తెర మీద ఒక ప్రేక్షకుడు హత్యలు చూసి ఆనందిస్తున్నాడు. హాలులో మనమూ అవే హత్యలను టికెట్టు కొని చూస్తున్నాం. ఈ పోలిక దర్శకుడు కావాలని పెట్టినా, పెట్టకపోయినా, విమర్శకుడు వదలకూడనిది.

చిత్రానికి ఒక పెద్ద బలహీనత కూడా ఉంది. హంతకుడు అలా తయారవడానికి కారణం చిన్నతనంలో అతను చూసిన స్త్రీల ప్రవర్తనేనని కథ చెబుతుంది. చనిపోయిన స్త్రీలకు ఆ శీలపరీక్ష తప్ప వేరే జీవితం కనిపించదు. చంపినవాడికి బాల్యం ఉంది, చచ్చినవారికి లేదు. తర్వాతి కాలంలో వచ్చిన అనేక చిత్రాల్లో మీకు ఈ తూకమే కనిపిస్తుంది.

4. ‘దండుపాళ్యం’: హంతకులు కూలివాళ్లు

శ్రీనివాసరాజు దర్శకత్వంలో 2012లో కన్నడంలో విడుదలైన ‘దండుపాళ్య’ తర్వాత ‘దండుపాళ్యం’ పేరుతో తెలుగులోకి వచ్చింది. బెంగళూరు శివార్లలో, హొసకోటె దగ్గరున్న ఒక ఊరి పేరుతో పిలిచిన ముఠా కేసులు దీనికి ఆధారం. పూజా గాంధీ, మకరంద్ దేశ్‌పాండే ముఠా సభ్యులుగానూ, తెలుగువారికి డబ్బింగ్ కళాకారుడిగా చిరపరిచితుడైన పి. రవిశంకర్ పోలీసు ఇన్‌స్పెక్టరుగానూ నటించారు.

చిత్రంలో పదేపదే వచ్చే పద్ధతి ఇది. మధ్యాహ్నం వేళ ఒక పేద స్త్రీ తలుపు తడుతుంది. తాగడానికి నీళ్లడుగుతుంది. ఇంట్లోని ఆడమనిషి నీళ్లు తేవడానికి లోపలికి తిరుగుతుంది. ముఠా ఇంట్లోకి జొరబడుతుంది.

దృశ్యంగా ఇది బలమైనదే. సెట్టింగులు అక్కర్లేదు. ఒక తలుపు, ఒక చెంబు, నిశ్శబ్దం చాలు. తక్కువ ఖర్చుతో గరిష్ఠ భయం పుట్టించడం అంటే ఇదే. కానీ ‘ఎర్ర గులాబీలు’తో పోల్చి చూడండి. అక్కడ ఇల్లు ప్రమాదం, ఇక్కడ ఇల్లు రక్షణ. అక్కడ హంతకుడు యజమాని, ఇక్కడ హంతకులు మాసిన బట్టల కూలిజనం. ముప్ఫై నాలుగేళ్ల తేడాతో వచ్చిన ఈ రెండు చిత్రాల మధ్య భయం దిశ మారింది. పేదవారు ఉన్నవారిని చూసి భయపడిన కథ పోయి, ఉన్నవారు పేదవారిని చూసి భయపడే కథ వచ్చింది.

పేరును కూడా గమనించండి. ఊరి పేరే నేరం పేరయింది. ఆ ఊళ్లో కూలి చేసుకుని బతికే వేరే వందలమంది ఆ పేరును మోయాలి. తెలుగువారికి ఇది కొత్త కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది. ఎరుకలవారి కోసం ఏర్పడిన సెటిల్‌మెంటు స్టూవర్టుపురం. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయినా, ఆ ఊరి పేరు దొంగతనానికి మారుపేరుగా మన సినిమాల్లో నిలిచిపోయింది. 1991లో ‘స్టూవర్టుపురం పోలీస్‌స్టేషన్’ అన్న పేరుతోనే ఒక చిత్రం వచ్చింది. చట్టం పోయినా దాని చూపు తెర మీద బతికే ఉంది.

5. నీళ్లడిగిన మనిషి

ఇప్పుడు ఆదోని వైపు రండి. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం, మంత్రాలయం ప్రాంతాల్లో వానలు తప్పినప్పుడు, సొంత చేలో పని అయిపోయినప్పుడు కుటుంబాలకు కుటుంబాలు ఊరు విడిచి పోతాయి. దీన్ని అక్కడివారు ‘సుగ్గికి పోవడం’ అంటారు. సుగ్గి అంటే కన్నడంలో కోతల కాలం. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి, బెంగళూరులో కట్టడాల పనికి పోతారు. చేల గట్ల మీద, కట్టడాల పక్కన గుడారాలు వేసుకుంటారు. వంటకు, తాగడానికి దగ్గరలోని ఇళ్లకు వెళ్లి నీళ్లడుగుతారు.

అంటే ‘దండుపాళ్యం’ చిత్రంలో తలుపు తట్టిన స్త్రీ వేషం, భాష, అవసరం ఏ విధంగా ఉన్నాయో, సుగ్గికి పోయిన మన స్త్రీ వేషం, భాష, అవసరం అదే విధంగా ఉంటాయి. ఎమ్మిగనూరులో ఈ చిత్రం చూసే వ్యక్తి తనను ఇంటి లోపలున్న మనిషిగా ఊహించుకుని భయపడతాడు. ఆయన అక్కో, పిన్నమ్మో అదే సమయంలో గుంటూరు జిల్లాలో ఎవరి తలుపు ముందో బిందె పట్టుకుని నిలబడి ఉండవచ్చు. సినిమా ఆయనను తనవాళ్లకే ఎదురుగా నిలబెట్టింది.

వేసవిలో చలివేంద్రాలు పెట్టే ప్రాంతంలో నీళ్లడగడం అతి సహజమైన పని. దాన్ని హత్యకు ముందు వచ్చే గుర్తుగా మార్చడమే ఈ చిత్రం చేసిన అసలు హాని. 2018 మే నెలలో తెలుగు రాష్ట్రాల్లో పార్థీ ముఠా వచ్చిందని, పిల్లలను ఎత్తుకుపోతున్నారని ఫోన్లలో వదంతులు తిరిగాయి. ఊరికి కొత్తగా కనిపించినవారిని, బిచ్చమెత్తుకునేవారిని జనం కొట్టారు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దానికి సినిమాలే కారణమనడం సరికాదు. కానీ వదంతికీ ఈ చిత్రానికీ వాడిన బొమ్మ ఒకటే: తెలియని పేదమనిషి.

6. అదే దర్శకుడు, మరో ప్రశ్న

న్యాయంగా మరో మాట చెప్పాలి. 2017లో అదే దర్శకుడు తీసిన రెండో భాగంలో కథ తిరగబడింది. ఒక పాత్రికేయురాలు ఈ కేసులను మళ్లీ తిరగేస్తుంది. పోలీసు హింస, బలవంతపు ఒప్పుకోలు తెర మీదికి వస్తాయి. మొదటి భాగం నిజమని చెప్పినదాన్ని రెండో భాగం అనుమానిస్తుంది. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షను చెప్పింది. మొదటి భాగం చూసిన ప్రేక్షకుడికి ఆ నియమం అడ్డంకిలా కనిపిస్తుంది. రెండో భాగం చూసినవాడికి అది ఎందుకుందో తెలుస్తుంది. అయితే ఈ ప్రశ్న వేయడానికి కూడా చిత్రం హింసను ఒళ్లు గగుర్పొడిచేలా సాగదీసింది. దెబ్బలు తినే శరీరం కూడా ఇక్కడ అమ్ముడుపోయే సరుకే.

వేరే దారి లేదా? ఉంది. ఫ్రిట్జ్ లాంగ్ 1931లో జర్మనీలో తీసిన ‘ఎం’ చిత్రంలో పిల్లలను చంపేవాడున్నాడు. మొదటి హత్య మనకు కనిపించదు. తల్లి వడ్డించి ఉంచిన ఖాళీ పళ్లెం, దొర్లిపోయే బంతి, టెలిగ్రాఫ్ తీగల్లో చిక్కుకున్న బుడగ కనిపిస్తాయి. ఆ చిన్నపిల్ల మనకు లెక్కలో ఒక శవంగా మిగలదు, ఒక ఇంటి బిడ్డగా మిగులుతుంది. అదే చిత్రంలో, టైమెంతని అడిగిన పిల్లకు జవాబు చెప్పిన పాపానికి ఒక పెద్దమనిషి మీద జనం విరుచుకుపడతారు. హంతకుడి భయంతోపాటు, ఆ భయం జనాన్ని ఏం చేస్తుందో కూడా లాంగ్ చూపించాడు. ఖాళీ పళ్లెం చూపించడానికి డబ్బు అక్కర్లేదు.

7. సారాంశం

వరుస హత్యల చిత్రాన్ని చూసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. కెమెరా ఎవరి కన్నుతో చూస్తోంది? చనిపోయినవారికి పేరు, ఇల్లు, బతుకు ఉన్నాయా? సినిమా అయిపోయాక మనం ఎవరిని చూసి తలుపు వేసుకుంటాం? మొదటి రెండు ప్రశ్నలకు జవాబు తెర మీద దొరుకుతుంది. మూడోదానికి జవాబు మీ వీధిలో దొరుకుతుంది.

సాధన ప్రశ్నలు

1. ‘ఎర్ర గులాబీలు’, ‘దండుపాళ్యం’ చిత్రాల్లో ఇల్లు అనే స్థలానికి ఉన్న అర్థాన్ని పోల్చి రాయండి.
2. ఊరి పేరును నేరచిత్రానికి శీర్షికగా పెట్టడం వల్ల కలిగే ఫలితాలను చర్చించండి.
3. మీరు చూసిన ఒక చిన్న నేరచిత్రాన్ని పై మూడు ప్రశ్నలతో పరిశీలించండి. మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ సుగ్గికి పోయివచ్చినవారు ఉంటే, నీళ్ల కోసం తలుపు తట్టినప్పుడు ఎదురైన అనుభవాన్ని అడిగి తెలుసుకుని, దాన్ని మీ పరిశీలనకు జోడించండి.